స్పోర్ట్స్ బైక్ కొనాలి, కానీ ఏది? నాలుగు బళ్ల మధ్య తేల్చుకోవడం ఎలా

మూడు, నాలుగు లక్షల్లో స్పోర్ట్స్ బైక్ కొనాలనుకునే వాళ్ల ఫోన్ తెరిస్తే అన్నీ పోలిక వీడియోలే. ఇరవై చూశాక అయోమయం తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. వాటిలో బళ్లు నడిపేది ట్రాక్ మీద. మనం నడిపేది కూకట్‌పల్లిలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో. అందుకే వరస మార్చి చూడాలి: ముందు మన దారి, తర్వాత మన ఒళ్లు, ఆ తర్వాతే బండి.

ఉదాహరణకు నాలుగు బళ్లు తీసుకుందాం: టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310, కేటీఎం ఆర్‌సీ 390, ఏప్రిలియా ఆర్‌ఎస్ 457, కవాసకీ నింజా 300. అపాచీ పుట్టేది హోసూరులో, ఆర్‌సీ చకన్‌లో, ఆర్‌ఎస్ బారామతిలో. పేర్లు విదేశీవైనా తయారీ ఇక్కడే కాబట్టి ధరలు ఈ మాత్రం అందుబాటులో ఉన్నాయి.

1. ఒక వారం మీ రోజువారీ దారి రాసుకోండి

ఇది ఎవరూ చేయరు. చేస్తే సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. ఎన్ని కిలోమీటర్లు సిటీలో, ఎన్ని హైవే మీద, వెనక ఎవరైనా కూర్చుంటారా, ఇంటి గల్లీలో స్పీడ్ బ్రేకర్లు ఎంత ఎత్తు, ఇవి చాలు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద దూసుకుపోతున్నట్టు ఊహించుకుంటున్నారేమో, మెయిన్ క్యారేజ్‌వే మీదికి టూవీలర్లను రానివ్వరు. సర్వీస్ రోడ్డే మన వాటా. వారానికోసారి అనంతగిరి కొండలకో, నెలకోసారి శ్రీశైలం ఘాట్‌కో వెళ్లేవాళ్లకు కావలసిన బండి వేరు, రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లకు కావలసింది వేరు.

2. గరిష్ఠ పవర్ కాదు, అది ఎక్కడ వస్తుందో చూడండి

కాగితం మీద అంకెలు ఇవి. ఆర్‌ఎస్ 457కు 47.6 పీఎస్ (ఇంజిన్ పవర్ కొలత, హార్స్‌పవర్ లాంటిదే), ఆర్‌సీ 390కు 43.5, నింజా 300కు 39, 2024లో మార్చిన అపాచీకి 38. బరువు వరసగా 175, 172, 179, 174 కిలోలు. బరువును పవర్‌తో భాగిస్తే ఒక్కో పీఎస్ ఎన్ని కిలోలు మోస్తుందో తెలుస్తుంది: ఆర్‌ఎస్‌కు 3.7, ఆర్‌సీకి 4, మిగతా రెంటికీ దాదాపు 4.6.

అంటే నింజా, అపాచీ ఒకటేనా? నడిపితే అస్సలు ఒకటి కావు. అపాచీ టార్క్, అంటే లాగే బలం, 29 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు), అది 7,900 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర అందుతుంది. నింజా టార్క్ 26.1 ఎన్‌ఎం, దానికోసం 10,000 దాకా తిప్పాలి. ట్రాఫిక్‌లో మనం ఆరు వేలు దాటేదే అరుదు. అక్కడ నింజా బుద్ధిమంతుడిలా మెత్తగా నడుస్తుంది, ఓవర్‌టేక్ చేయాలంటే గేరు దించాల్సిందే. హైవే ఎక్కి ఇంజిన్‌ను పైకి లాగితే దాని అసలు స్వభావం బయటపడుతుంది. ఆ అరుపంటే చెవి కోసుకునేవాళ్లున్నారు, వాళ్లను తప్పు పట్టలేను.

ఆర్‌సీది సింగిల్ సిలిండర్, 373 సీసీ. 37 ఎన్‌ఎం టార్క్ 7,000 దగ్గరే వస్తుంది కాబట్టి లాగుడు గట్టిగా ఉంటుంది. సింగిల్ కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరు వేస్తే కొట్టుకుంటుంది, హైవే మీద చేతులకు వణుకు తెలుస్తుంది. ఆర్‌ఎస్‌ది ట్విన్ సిలిండర్, 270 డిగ్రీల క్రాంక్. అంటే రెండు సిలిండర్లు సమాన వ్యవధిలో కాకుండా విడివిడి దెబ్బలుగా పేలడంతో శబ్దం పెద్ద బండిని తలపిస్తుంది. 43.5 ఎన్‌ఎం, అదీ 6,700 దగ్గరే. ఇంజిన్ ఒక్కటే చూసి తేల్చమంటే నా ఓటు దీనికే.

3. ఒంటికి సరిపోతుందో లేదో చూడండి

సీటు ఎత్తు ఆర్‌సీకి 824 మిల్లీమీటర్లు, అపాచీకి 810, ఆర్‌ఎస్‌కు 800. ఐదున్నర అడుగుల లోపు ఉన్నవాళ్లు షోరూమ్‌లో ఊరికే కూర్చుని చూసి సరే అనుకోవద్దు. రెండు కాళ్లూ కింద ఆనించి బండిని వెనక్కి నెట్టి చూడండి. పార్కింగ్‌లో రోజూ చేసే పని అదే.

హ్యాండిల్ ఎంత కిందికి ఉంటే మణికట్ల మీద బరువు అంత పడుతుంది. మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని నడపడం అలవాటైతే కొంత తగ్గుతుంది. ఘాట్ దిగుతూ బ్రేకు వేసేటప్పుడు మాత్రం ఒళ్లంతా ముందుకు జారుతుంది. అపాచీ, నింజాల మీద కూర్చునే తీరు కొంచెం నిటారుగా ఉంటుంది. నేను ఒకసారి పోస్టర్‌లో అందం చూసి మరీ వంగి నడపాల్సిన బండి కొన్నాను. మూడు నెలలు తిరక్కుండానే నడుంనొప్పితో అమ్మేశాను. బండిది తప్పు కాదు, నా మోజుది.

4. టెస్ట్ రైడ్ మధ్యాహ్నం అడగండి

షోరూమ్ వాళ్లు సాయంత్రం చల్లగా ఉన్నప్పుడు ఒక రౌండ్ వేయిస్తారు. మీరు మధ్యాహ్నం ఒంటి గంటకు, వీలైతే ఎండాకాలంలో అడగండి. ఫుల్ ఫెయిరింగ్ (ముందూ పక్కలా కప్పే ప్లాస్టిక్ తొడుగు) ఉన్న బండి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ తిరిగి, వేడి గాలి తొడలను తాకుతుంది. అది మీరు భరించగలరా లేదా అన్నది కరపత్రంలో రాయరు. ఒక యూటర్న్ కూడా తీసుకోండి. ఈ హ్యాండిళ్లు పూర్తిగా తిరగవు కాబట్టి ఇరుకు గల్లీలో రెండుసార్లు వెనక్కి తీయాల్సి వస్తుంది. వెనక కూర్చోబోయేవాళ్లను తీసుకెళ్లి ఎక్కించి చూడండి. ఆ చిన్న సీటు చూశాక ఇంట్లో జరగబోయే పంచాయితీ అక్కడే తేలిపోతుంది.

5. బండి 350 సీసీ గీతకు ఎటు ఉందో చూసి లెక్క వేయండి

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ, ఆ లోపు బళ్ల మీద జీఎస్‌టీ 18 శాతం, దాటితే 40 శాతం. అపాచీ, నింజా గీతకు ఇటు, ఆర్‌సీ 390, ఆర్‌ఎస్ 457 అటు. కంపెనీలు ఆఫర్లతో కొంత సర్దుతుంటాయి కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధర నమ్మకుండా ఆ రోజు ఆన్ రోడ్ ధర రాయించుకోండి.

ఇన్సూరెన్స్‌లోనూ అదే గీత. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. 2022లో నిర్ణయించిన ప్రీమియం, ఐదేళ్లకూ కలిపి, 150 నుంచి 350 సీసీకి 7,365 రూపాయలు, ఆ పైన 15,117. లైఫ్ ట్యాక్స్ వేరే. హెల్మెట్, గ్లౌజులు, జాకెట్ డబ్బులు ఈ బడ్జెట్‌లోనే కలపండి. నాలుగు లక్షలు పోసి బండి కొని, వెయ్యి రూపాయల హెల్మెట్ దగ్గర బేరమాడేవాళ్లను చూస్తే, ఏనుగును కొని అంకుశం దగ్గర గీచి గీచి బేరమాడినట్టే అనిపిస్తుంది.

6. సర్వీస్ సెంటర్‌కు ఒకసారి ఊరికే వెళ్లండి

షోరూమ్‌కు కాదు, వర్క్‌షాప్‌కు. అక్కడ బళ్లు వదిలి వెయిట్ చేస్తున్న ఓనర్లను ఇద్దరిని పలకరించండి. ముందు ఫెయిరింగ్ ప్యానెల్ పగిలితే ఎన్ని రోజులకు వస్తుంది, ఎంతవుతుంది అని అడగండి. నాకు తెలిసిన ఒకాయన బండి చిన్నగా పడితే ప్యానెల్ కోసం నెలన్నర ఆగాల్సి వచ్చింది. మీ ఊరి నుంచి సర్వీస్ సెంటర్ వంద కిలోమీటర్లయితే ఎంత మంచి బండైనా తలనొప్పే. నిజామాబాద్, కడప లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఈ ఒక్క ప్రశ్నే నాలుగింటిలో రెండింటిని కొట్టేయొచ్చు.

7. ఇక తేల్చేయండి

రోజూ సిటీ, అప్పుడప్పుడు ఘాట్, ఖర్చు అదుపులో ఉండాలి అంటే అపాచీ. దాని ట్యాంకు 11 లీటర్లే, దూరప్రయాణాల్లో పెట్రోల్ బంకుల మీద ఒక కన్నుండాలి. మెత్తగా నడిచే ట్విన్ సిలిండర్, 17 లీటర్ల ట్యాంకు, పెద్దగా ఎలక్ట్రానిక్స్ లేకపోయినా ఫర్వాలేదు అనుకుంటే నింజా. డిజైన్ పాతదే, 2013 నుంచి మన దగ్గర ఉన్నదే, ఆ పాతదనమే దాని బలం కూడా. మలుపుల్లో పదును కావాలి, ట్రాక్ డేకి (రేస్ ట్రాక్ మీద సొంత బండి నడిపే రోజు) వెళ్తారు, నడుం గట్టిది అంటే ఆర్‌సీ. డబ్బుకు వెనకాడేది లేదు, దగ్గర్లో సర్వీస్ ఉంది అంటే ఆర్‌ఎస్. ఇదే మొదటి బండి అయితే ఈ నాలుగింటిలో ఏదీ వద్దు. ఏడాది 150, 200 సీసీ మీద నడిపి రండి.

8. డెలివరీ రోజు

రిజిస్ట్రేషన్‌కు ముందే ఛాసిస్ నంబర్ ఇన్‌వాయిస్‌తో సరిపోల్చండి, తయారైన నెల చూడండి. ఫెయిరింగ్ అతుకులు, ఫోర్కుల (ముందు చక్రం షాక్ అబ్జార్బర్ల) దగ్గర ఆయిల్ మరకలు వెలుతుర్లో చూడండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎం దాటొద్దు, ఫస్ట్ సర్వీస్ వాయిదా వేయొద్దు. కొత్త టైర్లు కొంచెం జారుడుగా ఉంటాయి, షోరూమ్ గేటు దాటగానే ఫ్రెండ్స్ ముందు వంచి చూపించకండి.