ఇంట్లో బాతుల సంరక్షణ – 4వ పాఠం: అరికాలి పుండు

గత పాఠంలో బాతు బెదరకుండా పట్టుకోవడం నేర్చుకున్నాం. రెక్కలు ఒంటికి ఆనించి, చంకలో ఇమిడ్చి పట్టుకోవాలి. అది చేతికి అలవాటయ్యాకే ఈ పాఠం మొదలుపెట్టండి. ఇంకొకరి సాయం ఉంటే మేలు. ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కాలు చూడొచ్చు.

మేడ మీద, సిమెంటు గచ్చు మీద పెంచే బాతులకు తరచుగా వచ్చే బాధ బంబుల్‌ఫుట్, అంటే ఈ అరికాలి పుండే. బాతు పాదం నీళ్లకూ మెత్తటి నేలకూ తగినది. గరుకు గచ్చు మీదో ఇనుప వల మీదో రోజంతా నిలబడితే అరికాలి చర్మం ఒరుసుకుపోతుంది. ఆ గీతలోంచి స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. తెల్ల పెకిన్ లాంటి బరువైన జాతులకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

ముందు పాదం చూడటం నేర్చుకోండి. పాదం కడిగి, వెలుతురులో రెండు అరికాళ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. చర్మం ఎర్రబడి నున్నగా మెరుస్తుంటే అది తొలి దశ. మధ్యలో నల్లటి పొక్కు కట్టి, చుట్టూ కాస్త ఉబ్బితే రెండో దశ. ఈ రెండింటికీ ఇంట్లో సేవ చేయొచ్చు. పాదమంతా లావెక్కినా, వేడిగా తగిలినా, బాతు కాలు మోపకపోయినా ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అప్పటికే కీలుకో ఎముకకో పాకి ఉండొచ్చు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి: నొక్కి చీము తీయాలని చూడకండి. పక్షుల చీము మన చీములా కారదు, జున్నులా గట్టిపడి ఉంటుంది. నొక్కితే బయటికి రాదు సరికదా, ఇన్ఫెక్షన్ ఇంకా లోపలికి పోతుంది. పొక్కును బ్లేడుతో కోయడం కూడా మన పని కాదు. నొప్పి తెలియకుండా చేసి, శుభ్రంగా తీయగలిగేది డాక్టరే.

మనం చేయాల్సింది ఇదీ. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి, పాదాలు మాత్రమే మునిగేలా 10-15 నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లు తాగితే విరేచనాలవుతాయి, ముక్కు పెట్టనివ్వకండి. తర్వాత వేళ్ల మధ్య పొర దాకా పూర్తిగా తడి ఆర్చండి. బెటాడిన్ ద్రావణాన్ని లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి పుండు మీద అద్దండి. పుండుకు అంటుకోని డ్రెస్సింగ్ ముక్క పెట్టి, గాజుగుడ్డ చుట్టి, పైన సాగే బ్యాండేజీని వేళ్ల మధ్యగా తిప్పి కట్టండి. బిగించొద్దు. గంట తర్వాత వేళ్లు చూడండి. ఉబ్బినా, చల్లబడినా విప్పి వదులుగా మళ్లీ కట్టండి. కట్టు రోజూ మార్చాలి. తడిస్తే అప్పుడే మార్చాలి.

కట్టు ఉన్నన్నాళ్లూ మురికి కుంట వద్దు. కట్టు మార్చే ముందు శుభ్రమైన టబ్బులో కాసేపు ఈదనివ్వండి, పాదం మీద బరువు తగ్గుతుంది. తల మునిగేంత లోతున్న నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ ఉండాలి. కళ్లు, ముక్కు కడుక్కోకపోతే ఇంకో జబ్బు తెచ్చుకుంటుంది.

మన నొప్పి మాత్రలు వేయకండి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల రాబందులు ఎలా అంతరించిపోయే స్థితికి వచ్చాయో, 2006లో మన దేశంలో ఆ పశువుల మందును ఎందుకు నిషేధించారో గుర్తుంచుకోండి. డాక్టరు యాంటిబయాటిక్ రాస్తే, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అప్పుడే అడగండి.

పుండు మానడానికి వారాలు పట్టొచ్చు. ఈలోగా గచ్చు మారకపోతే ఎంత కట్టు కట్టినా వృథాయే. బరువంతా మంచి కాలు మీద పడి, దానికీ పుండు లేస్తుంది. పొడి ఊక మందంగా పరిచి, తడిసిన చోట రోజూ తీసేయండి, లేదా పాత రబ్బరు చాపలు వేసి రోజూ కడగండి.

ఈ వారం అభ్యాసం: మీ బాతులన్నిటి అరికాళ్లూ ఫోటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో బాతు పిల్లల కాళ్లు వంకర తిరగడం, దాణాలో నియాసిన్ (బి3 విటమిన్) గురించి చూద్దాం.