ఒత్తులు చెదరకుండా: ఉద్యోగం చేసుకుంటనే మొదలుపెట్టిన డిజైన్ పని

మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు రాస్తా. రాత్రి 9 దాటినంక పెండ్లి కార్డులు డిజైన్ చేసుడు మొదలుపెట్టిన. చేతిల 6,000 ఉండె. పాత ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించిన, అంతే ఖర్చు. డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ ఉచితం, నోటో అనే తెలుగు ఫాంట్లూ ఉచితమే.

మొదటి ఆర్డరే దెబ్బతీసింది. ప్రెస్ కంప్యూటర్ల ఆ ఫాంటు లేదు. ఒత్తులన్నీ చెదిరి 300 కార్డులు పాడైనయి. పెండ్లికూతురి నాయిన ముఖం ఇంకా కండ్లముందే ఉంది. నా పైసలతోనే మళ్లీ కొట్టించిన.

అప్పటినుంచి అక్షరాలన్నిటినీ ఇంక్‌స్కేప్‌ల ఉండే ‘ఆబ్జెక్ట్ టు పాత్’ ఆప్షన్‌తో గీతలుగా మార్చినంకనే పీడీఎఫ్ పంపుతున్న. ఒక్క ఒత్తు పోలే. అయితే అట్ల మార్చినంక పేరు దిద్దరాదు, అసలు ఫైలు వేరుగా దాచుకోవాలె.

సగం అడ్వాన్సు ముందే తీసుకుంటున్న, అది జీతం పడని వేరే ఖాతాకు పోతది. వరికోతలప్పుడు మిల్లుల పని ఎక్కువ, ఆ నెల కొత్త ఆర్డర్లు ఒప్పుకోను.