బ్యాటరీ ట్రేకి రంగు వేసినా తుప్పు మళ్లీ ఎందుకొస్తోంది?

గీకించి రంగు కొట్టించిన ఆరు నెలలకే బైక్ బ్యాటరీ ట్రే మీద పెయింట్ బుడగలొచ్చి పొలుసుల్లా రాలుతోందంటే తప్పు పెయింటుది కాదు, వానది అంతకన్నా కాదు. చాలాసార్లు పైనున్న బ్యాటరీ నుంచి యాసిడ్ కారుతూ ఉంటుంది. నీళ్లు పోసే బ్యాటరీ ఉన్న బండ్లలో తరచూ వచ్చే గొడవే ఇది. అది కారడం ఆగకుండా కొత్త ట్రే కొన్నా డబ్బు దండగే.

ముందు యాసిడో కాదో తేల్చుకోండి

పావు గ్లాసు నీళ్లలో చెంచాడు వంట సోడా కలిపి తుప్పు మీద నాలుగు చుక్కలు వేయండి. బుసబుసా పొంగితే యాసిడ్. రంగు ఒక మూలనే లేవడం, అక్కణ్నుంచి ఫ్రేమ్ మీదకి చారలా దిగడం కూడా దాని గుర్తే. పొంగకపోతే మామూలు తుప్పు. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలికి తిరిగే బండి అయితే ట్రే ఒక్కటే కాదు, స్టాండు, స్పోకులు కూడా తుప్పు పడతాయి. గీకి రంగు వేసుకుంటే చాలు.

పైపు ఉందా?

ఇది చూడకుండానే ట్రే విప్పేస్తారు. బ్యాటరీ పక్కన ఉండే చిన్న ముక్కుకి సన్నని రబ్బరు పైపు తగిలించి ఉండాలి. గ్యాసు, దాంతో వచ్చే యాసిడ్ తుంపర దాని గుండానే బయటికి పోవాలి. బ్యాటరీ మార్చినప్పుడు ఈ పైపు పెట్టడం మరిచిపోవడం మామూలే. పెట్టినా బ్యాటరీకీ ట్రేకీ మధ్య నలిగిపోతుంది, లేదా చివర బురద పట్టి మూసుకుపోతుంది. విప్పి గాలి పంపుతో కొట్టి చూడండి, నోటితో ఊదకండి. కొత్త బ్యాటరీ అయితే ఆ ముక్కుకి వేసి వచ్చే మూత తీశారో లేదో కూడా చూడండి. పైపు చివర స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) కిందికి దిగాలి, చైన్ మీద మాత్రం పడకూడదు. యాసిడ్ తగిలిన చైన్ లింకులు పైకి బాగానే కనిపిస్తూ చీలి తెగుతాయి.

బ్యాటరీలో నీళ్లు పై గీత దాటి పోసినా పొంగి పోతాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయకండి. మట్టం తగ్గిందని యాసిడ్ పోయించడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అసలు దొంగ: ఎక్కువ ఛార్జింగ్

పైపు సరిగ్గా ఉంది, నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి, అయినా తుప్పు వస్తోంది, నెలకోసారి నీళ్లు పోయాల్సి వస్తోంది. అంటే బ్యాటరీ లోపల ఉడుకుతోంది. దీన్ని చాలా మంది పట్టుకోలేకపోవడానికి కారణం ఒక్కటే: బండి ఐడిల్‌లో ఉండగా మల్టీమీటరు పెట్టి, 13 వోల్టుల పైన చూపించగానే ఛార్జింగ్ బాగుంది అనేస్తారు. పాడైన రెక్టిఫైయర్ (బ్యాటరీకి వెళ్లే ఛార్జింగ్ వోల్టేజిని అదుపు చేసే భాగం) కూడా ఐడిల్‌లో మంచిదానిలాగే కనబడుతుంది. రేజ్ పెరిగితేనే బయటపడుతుంది.

బ్యాటరీ నిండుగా ఛార్జ్ అయి ఉండాలి. అరగంట తిప్పుకొచ్చి, వేడి మీదే, మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి ప్రోబులు నేరుగా టెర్మినళ్లకే ఆనించండి. హెడ్‌లైట్ ఆపే వీలుంటే ఆపండి. ఇంజన్ని 4000 నుంచి 5000 ఆర్పీఎం దాకా తీసుకెళ్లండి. ఆర్పీఎం మీటరు లేని బండిలో టాప్ గేర్లో అరవై మీద పోతున్నప్పుడు వినిపించే చప్పుడు వచ్చేదాకా చాలు. 14 నుంచి 14.8 దాకా ఉంటే పర్వాలేదు. 15 దాటిందా, దొంగ దొరికినట్టే.

వెంటనే రెక్టిఫైయర్ కొనేయకండి. దాని కనెక్టర్ ఊడదీసి పచ్చని చిలుము ఉందా, పిన్ను వదులైందా చూడండి. బ్యాటరీ వోల్టేజి చూసుకోవడానికి విడిగా వైరు ఉన్న రకాల్లో ఆ పిన్ను తుప్పు పడితే రెక్టిఫైయర్‌కి వోల్టేజి తక్కువగా తెలుస్తుంది, అది ఇంకా ఎక్కించేస్తుంది. మైనస్ వైరుని ఫ్రేమ్‌కి బిగించే ఎర్త్ బోల్టు కింద కూడా గీకి బిగించి మళ్లీ కొలవండి. అప్పటికీ 15 దాటితే మార్చాల్సిందే.

ఇదే దొంగకి ఇంకో వేషం ఉంది. మీటరు 14.4 చూపిస్తుంది, అయినా బ్యాటరీ ఉడుకుతూనే ఉంటుంది. రాత్రంతా వదిలేసి పొద్దున కొలవండి. 12.6 దగ్గర ఉండాల్సింది 10.5 దగ్గరే ఉంటే ఆరు సెల్లుల్లో ఒకటి షార్ట్ అయినట్టు. ఆరు పంచుకోవాల్సిన 14.4 వోల్టులు ఐదింటి మీద పడితే ఒక్కోదానికి 2.9 దాకా వస్తుంది, అవి ఉడక్క ఏం చేస్తాయి? బ్యాటరీ మార్చండి.

పగిలిన కేసు, సైజు కుదరని బ్యాటరీ, బండి పక్కకి పడిపోవడం లాంటివి అరుదు. కంటితో చూస్తేనే తెలిసిపోతాయి.

ట్రే పని

కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. మైనస్ ముందు విప్పండి. ప్లస్ ముందు విప్పితే పానా ఫ్రేమ్‌కి తగిలి షార్ట్ అవుతుంది. బిగించేటప్పుడు మైనస్ చివర. ట్రే బోల్టులకి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదలండి. 6 ఎంఎం బోల్టు బలవంతం చేస్తే తల తెగుతుంది, కాస్త బిగించి కాస్త వదులు చేస్తూ తీయాలి. మంట పెట్టి వేడి చేయకండి, పక్కనే పెట్రోలు ట్యాంకు.

లీటరు నీళ్లకి 50 గ్రాముల సోడా కలిపి ట్రే మీద, ఫ్రేమ్ మీద, ముఖ్యంగా మడతల్లో, వెల్డింగు అతుకుల్లో పోయండి. పొంగడం ఆగేదాకా మళ్లీ మళ్లీ పోయాలి. అతుకులో మిగిలిన యాసిడే కొత్త పెయింటుని లోపల్నుంచి లేపుతుంది. సోడా బ్యాటరీలోకి మాత్రం పోకూడదు. మంచి నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వైర్ బ్రష్, 80 నంబరు ఎమెరీతో తెల్ల ఇనుము కనబడేదాకా గీకండి. చిల్లు పడితే, స్క్రూడ్రైవర్ మొన దిగబడితే వేరే ట్రే చూసుకోండి.

పెయింట్ దగ్గర పొరపాటు: జింక్ స్ప్రే కొట్టకండి, జింకుని యాసిడ్ ముందు తినేస్తుంది. ఎపాక్సీ ప్రైమర్, పైన ఎపాక్సీ రంగు రెండు కోట్లు, లేదా బిటుమెన్ నల్ల పెయింట్ ఆగుతాయి. అడుగున ఉండే పాత రబ్బరు ప్యాడ్ యాసిడ్ పీల్చి ఉంటుంది, పారేసి కొత్తది వేయండి. వారం తిరిగాక సోడా నీళ్లలో తడిపిన గుడ్డతో ట్రే మూలలు తుడవండి. పొంగిందంటే మళ్లీ మీటరు తీయండి.