సూది వేయించేటప్పుడు సబ్బు బుడగలు

టీకా అయినా, రక్తపరీక్ష అయినా, సూది కనిపించకముందే చిన్నపిల్లలు ఏడుపు అందుకుంటారు. మా మూడున్నరేళ్ల పాపకు ఈసారి సబ్బు బుడగల సీసా బాగా పనిచేసింది, అందుకే చెబుతున్నా.

సీసాను ముందు రోజే ఇచ్చేయకండి, కొత్తదనం పోతుంది. పిల్లను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, సూదికి ఒకటి రెండు నిమిషాల ముందే ఊదడం మొదలుపెట్టించండి. "మెల్లగా ఊదు, పెద్ద బుడగ రావాలి" అంటూ ఉండాలి. సరిగ్గా సూది దిగేటప్పుడు పొడవుగా ఊపిరి వదిలేలా చూడండి. సూది తీశాక కూడా ఇంకో నిమిషం ఆపొద్దు. టక్కున ఆపితే ధ్యాసంతా నొప్పి మీదికే పోతుంది. మెల్లగా ఊదుతుంటే బిగబట్టిన చెయ్యి కూడా కాస్త వదులవుతుంది. ఫోన్లో వీడియో కన్నా నాకు ఇదే నచ్చడానికి కారణం అదే.

"అస్సలు నొప్పి ఉండదు" అని మాత్రం అనొద్దు. "కాస్త చురుక్కుమంటుంది, వెంటనే అయిపోతుంది" అంటే చాలు. అబద్ధం చెబితే మళ్లీసారి మన మాట నమ్మరు, పాపం.

ఊదడం రాని పసివాళ్లకు ఇది కుదరదు. తల్లిపాలు తాగే బిడ్డైతే పాలిస్తూ వేయించడం మేలు. అప్పటికే వెక్కివెక్కి ఏడుస్తుంటే బుడగల వంక చూడరు, ముందు ఎత్తుకుని ఊరడించాలి. కొందరు సూదినే చూస్తామంటారు, చూడనివ్వండి. కుట్లు వేయడంలాంటి వాటికి బుడగలొక్కటే చాలవు, తిమ్మిరెక్కించే మందు సంగతి డాక్టర్ని ముందే అడగండి.