జపాన్ సాకే గిన్నెలు సేకరించడం ఎలా?

సాకే అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం. దాన్ని తాగే మట్టి గిన్నె గుప్పిట్లో ఇమిడిపోతుంది. మరీ చిన్నదైతే ఒచోకో, కాస్త పెద్దదైతే గుయినోమి. సేకరించేవాళ్ల కన్ను ఎక్కువగా గుయినోమి మీదే ఉంటుంది. పేరున్న కుమ్మరి చేసిన పెద్ద కూజా కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి, అదే చేతితో చేసిన గుయినోమి అయితే ఎప్పటికైనా కొనగలమన్న ఆశ ఉంటుంది. నేను తాగేది తక్కువ, కొనేది ఎక్కువ. తెలిసినంతలో చెప్తాను.

1. ముందు ఒక్క ఊరిని పట్టుకోండి

కనిపించిన చోటల్లా ఒకటి కొంటే అల్మరా నిండుతుంది గానీ కన్ను తయారవదు. ఒకే ఊరి గిన్నెలు వందసార్లు చూస్తే ఏది బాగుందో దానంతటదే తెలిసిపోతుంది.

నా ఓటు ఒకాయామా ప్రాంతంలోని బిజెన్‌కి. అక్కడ గ్లేజు, అంటే కాల్చాక గాజులా మెరిసే పూత, పూయరు. మన కుండల ఆవం ఒక రాత్రిలో కాలిపోతే, బిజెన్ బట్టీలో ఎర్ర పైన్ కట్టెలు పదిరోజులు, ఒక్కోసారి రెండు వారాలు మండుతూనే ఉంటాయి. వేడి 1200 డిగ్రీలు దాటుతుంది. ఎగిరిన బూడిద గిన్నె మీద పడి కరిగి, నువ్వులు చల్లినట్టు చుక్కలు కడుతుంది. దాని పేరు కూడా గోమా, అంటే నువ్వులే. వరిగడ్డి చుట్టి కాలిస్తే గడ్డి తగిలిన చోట ఎర్రటి చారలు పడతాయి, వాటిని హిదాసుకి అంటారు. ఈ రెండింటినీ గుర్తుపట్టగలిగితే బిజెన్‌లో సగం పాఠం అయిపోయినట్టే.

మెత్తని మట్టి, పాలమీగడ లాంటి గ్లేజు ఇష్టమైతే యామాగుచిలోని హగి చూడండి. సాగా ప్రాంతంలో కరత్సు ఉంది. సాకే పోసే కూజా బిజెన్‌ది, తాగే గిన్నె కరత్సుది కావాలని జపాన్‌లో ఒక మాట ఉంది. మందపాటి తెల్లని గ్లేజు ఉన్న షినో గిన్నెలు గిఫు ప్రాంతంలోని మీనోవి. పాత షినో సెతో అనే మరో కుమ్మరుల ఊరిలో తయారైందని చాలాకాలం అనుకున్నారు. 1930లో అరకావా తోయోజో అనే కుమ్మరి మీనో కొండల్లోని పాత బట్టీ దగ్గర ఒక పెంకు ఏరి, అది కాదని తేల్చాడు.

2. తిప్పి చూడండి

దుకాణంలో చెయ్యి పెట్టేముందు అడగాలి. “తే ని తోత్తే మో ఈ దెస్ కా?” అంటే చాలు. ఉంగరం, వాచీ తీసేయండి. గిన్నెను బల్లకు దగ్గరగానే, రెండు చేతులతో ఎత్తండి. జారినా నాలుగు వేళ్ల ఎత్తు నుంచే పడుతుంది.

బరువు చూడండి. అంచు మీద వేలు నెమ్మదిగా తిప్పి, పెదవికి ఎక్కడ ఆనుతుందో ఊహించుకోండి. తర్వాత బోర్లించండి. అడుగున ఉండే కాలును కోడాయి అంటారు. పైన గ్లేజు ఎంత అందంగా ఉన్నా, కుమ్మరి అసలు రంగు బయటపడేది ఇక్కడే. మంచి కుమ్మరి దాన్ని రెండు మూడు కోతలతో తేల్చేస్తాడు. కత్తి ఆగిన చోట మట్టి చిరిగి గరుకుగా ఉంటుంది, దాన్ని సరిచేయడు. అనుమానంతో పదేపదే దిద్దిన కాలు నున్నగా, నిర్జీవంగా కనిపిస్తుంది. నేను ఐదు నిమిషాలు చూస్తే అందులో మూడు నిమిషాలు కోడాయికే పోతాయి.

చివరగా “కిజు” ఉందా అని అడగండి, అంటే లోపం. సన్నని పగులును న్యూ అంటారు, అంచు పెచ్చును హొత్సు అంటారు. నిజాయితీ ఉన్న వ్యాపారి అడగకముందే చూపిస్తాడు.

3. పెట్టెను చదవండి

మంచి గుయినోమి కిరి అనే తేలికైన చెక్కతో చేసిన పెట్టెలో వస్తుంది. కుమ్మరి స్వయంగా మూత మీద గిన్నె పేరు, తన సంతకం రాసి ఎర్రముద్ర వేస్తే దాన్ని తోమోబాకో అంటారు. లోపల ముద్ర ఉన్న గుడ్డ, కుమ్మరి పరిచయం అచ్చువేసిన కాగితం కూడా ఉంటే ఇంకా మంచిది. కుమ్మరి పోయాక వారసుడు పరిశీలించి రాసిచ్చే పెట్టెలూ ఉంటాయి. వాటికీ విలువ ఉంది, కాకపోతే అవి వేరే రకం.

హమాదా షోజీ లాంటి పేరున్న కుమ్మరులు గిన్నె మీద సంతకమే పెట్టలేదు. అక్కడ పెట్టే సాక్షి. అందుకే మోసాలూ పెట్టెలతోనే జరుగుతాయి. అసలు పెట్టెలో వేరే గిన్నె పెట్టి అమ్మేస్తారు. గుడ్డలో చుట్టి పెట్టినప్పుడు గిన్నె లోపల గలగలా కదులుతుంటే, లేదా మూత మీద కరత్సు అని రాసి ఉండి లోపల హగి ఉంటే, అక్కడితో ఆపేయండి.

4. కొనండి, కానీ పేరును కాదు

జపాన్ ప్రభుత్వం గొప్ప పనివాళ్లను “సజీవ జాతీయ సంపద”గా గుర్తిస్తుంది. 1955 నాటి మొదటి జాబితాలోనే హమాదా, అరకావా ఉన్నారు. అలాంటి పేర్ల ధరలు సులువుగా లక్షల యెన్‌లు దాటుతాయి. మొదటి గిన్నె అలాంటిది కాకపోవడమే మేలు. ఐదు నుంచి పదివేల యెన్‌లకు యువ కుమ్మరుల మంచి గిన్నెలు దొరుకుతాయి. అక్టోబరులో ఇంబే స్టేషన్ చుట్టూ జరిగే బిజెన్ పండుగకు వెళ్తే, చేసినవాళ్లే ఎదురుగా ఉంటారు. ఆన్‌లైన్ వేలంలో అయితే అడుగు ఫొటో లేని గిన్నె జోలికి పోకండి.

5. వాడండి, పూర్తిగా ఆరనివ్వండి

నా మొదటి హగిలో సాకే పోసిన రాత్రి బల్ల మీద తడి కనిపించింది. పగిలిందేమోనని టెన్షన్ పడి మర్నాడే అమ్మినాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన నవ్వి, హగి మట్టి గుల్లగా ఉంటుందని, వాడగా వాడగా పూడిపోతుందని చెప్పాడు. సన్నని గ్లేజు గీతల్లోకి సాకే ఇంకి, ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారుతుంది. దాన్నే “హగి ఏడు మార్పులు” అంటారు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. అదే రోజు కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టేశాను. పదిరోజులకు తీస్తే ముసురు పట్టిన గదిలాంటి వాసన, గుడ్డ మీద నల్లమచ్చ. ఆ వాసన పోవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడైతే పోసేముందు గిన్నెను కాసేపు మంచినీళ్లలో నానబెడతాను, అప్పుడు సాకే ఒక్కసారిగా ఇంకదు. తాగాక గోరువెచ్చని నీళ్లతో చేత్తోనే కడుగుతాను, సబ్బు తగలనివ్వను. బోర్లించకుండా పక్కకు వాల్చి, కోడాయికి గాలి తగిలేలా కిటికీ దగ్గర పెడతాను. బిజెన్ అయితే మూడు రోజులు, హగి అయితే వారం. ఆ తర్వాతే గుడ్డ, పెట్టె, నాడా ముడి.