వివాల్డీ ‘వసంతం’: రికార్డింగుల్లో ఏది మేలో తేల్చడం ఎలా?

ముందు వాల్యూములు సమం చేయండి. లేకపోతే గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. ఇటలీ స్వరకర్త వివాల్డీ రాయగా 1725లో అచ్చయిన ఈ కాన్చెర్టోలో (ఒక సోలో వాద్యం, వాద్యబృందం కలిసి వాయించే రచన) నేరుగా రెండో భాగానికి, అంటే నెమ్మదిగా సాగే లార్గోకి వెళ్లండి. సోలో వయొలిన్ కునుకు తీస్తున్న మేకల కాపరి, మిగతా వయొలిన్లు ఆకుల గలగల, వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, మంద్రంగా మోగేది) కుక్క. వయోలాకు వివాల్డీ రాసిన సూచన ‘చాలా గట్టిగా, చీల్చినట్టు’. పెద్ద ఆర్కెస్ట్రాలు దీన్ని నునుపు చేసేస్తాయి. మొరుగుడు వినపడకపోతే మార్కులు కోసేయండి. మరీ గీరితే సోలో మునిగిపోతుంది, అదీ లోపమే. ఈ భాగానికి వివాల్డీ బాస్ (అన్నిటికంటే కింది స్వరాల వరుస) రాయలేదు. హార్ప్సికార్డ్ (పియానోలాంటి పాత మీటల వాద్యం) వినిపిస్తే వాద్యకారులు చేర్చుకున్నదే. తప్పు కాదుగానీ కాపరి నిద్ర చెడుతుంది. శ్రుతి అర మెట్టు కిందుంటే నేటి మామూలు 440 హెర్ట్జ్ బదులు 415 హెర్ట్జ్‌కి కట్టారన్నమాట. దానికి మాత్రం మార్కులు వేయకండి.