ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 వోల్టుల నుంచి చిన్న సర్క్యూట్‌ను నడపడం

చీకటి పడగానే వరండా లైటును వెలిగించి తెల్లవారగానే ఆర్పే ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే రెసిస్టర్) స్విచ్చుకు, అందులోని రిలేతో (కరెంటిస్తే పట్టుకునే విద్యుదయస్కాంత స్విచ్చు) కలిపి, 20 మిల్లీఆంపియర్ల కరెంటు సరిపోతుంది. ఇంత చిన్న అవసరానికి ట్రాన్స్‌ఫార్మర్ పెడితే మిగిలిన బోర్డంతటి కంటే అదే పెద్దదవుతుంది. రెసిస్టర్‌తో వోల్టేజీని దించుదామంటే నాలుగు వాట్లకు పైగా వేడిగా వృథా అవుతుంది. ఏసీ లైనులో సిరీస్‌గా పెట్టిన కెపాసిటర్ మాత్రం దాదాపు వేడెక్కకుండానే కరెంటును అదుపు చేస్తుంది.

అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ పద్ధతిలో మెయిన్స్‌కూ సర్క్యూట్‌కూ మధ్య ఎడం ఏమీ ఉండదు కాబట్టి, డీసీ వైపు మీటరు 24 వోల్టులే చూపినా, అక్కడి ఏ తీగను ముట్టుకున్నా ఫేజును ముట్టుకున్నట్టే భావించాలి. మొబైల్ ఛార్జరు, లోహపు డబ్బాలో బిగించే పరికరం, వాటర్ ట్యాంకులోకి తీగలు దించే లెవెల్ సెన్సరు వంటి వాటికి దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. మెయిన్స్ పనిలో అనుభవం లేనివారు రెడీమేడ్ ఐసోలేటెడ్ ఏసీ-డీసీ మాడ్యూలు కొనుక్కోవడమే మంచిది.

ఇక లెక్క చూద్దాం. 0.47 మైక్రోఫారాడ్ కెపాసిటర్ 50 హెర్ట్జ్ వద్ద దాదాపు 6,800 ఓమ్‌ల నిరోధం చూపుతుంది. 230 వోల్టులను దానితో భాగిస్తే 34 మిల్లీఆంపియర్లు వస్తుంది, బ్రిడ్జి రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల అమరిక) దాటాక సగటున 28 వరకు చేతికందుతుంది. బ్రిడ్జికి బదులు అర్ధతరంగ పద్ధతి (ఏసీలో ఒక సగాన్నే వాడుకునేది) వాడితే అందులో సగమే దొరుకుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఈ సప్లై వోల్టేజీని కాదు, కరెంటును నిర్ణయిస్తుంది. వోల్టేజీ ఎంత ఉండాలో మనం పెట్టే జీనరే (తన వోల్టేజీని దాటనివ్వని డయోడ్) చెబుతుంది. అలాంటప్పుడు ఎక్కువ వోల్టేజీతో, తక్కువ కరెంటుతో పని జరుపుకోవడమే తెలివి. బజారులో దొరికే షుగర్ క్యూబ్ రిలే 12 వోల్టుల రకమైతే 30 మిల్లీఆంపియర్లు అడుగుతుంది, అదే 24 వోల్టుల రకమైతే 15తో సరిపెట్టుకుంటుంది. మొదటిది ఈ కెపాసిటర్‌తో సరిగా పట్టుకోదు, రెండోది లైను వోల్టేజీ 200కు పడిపోయినా నిలబడుతుంది.

కెపాసిటర్ తప్పనిసరిగా ఎక్స్2 రకానిదై (మెయిన్స్‌కు నేరుగా కలిపేందుకు చేసిన భద్రతా రకం), ఒంటిపై 474 (అంటే 0.47 మైక్రోఫారాడ్) అనీ, 275 లేదా 305 వోల్టుల ఏసీ అనీ ముద్రించి ఉండాలి. 400 వోల్టుల డీసీ కెపాసిటర్ చవకగా వస్తుందని దాన్ని పెడితే, షార్టయిన రోజున మంట అక్కడే మొదలవుతుంది. దాని రెండు కాళ్ల మధ్య 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండింటిని ఒకదాని వెనుక ఒకటిగా కలపాలి. పావు వాటు రెసిస్టరు ఒక్కటే 325 వోల్టుల శిఖరాన్ని తట్టుకోలేదు కాబట్టి రెండు కావాలి. ఇవి లేకపోతే ప్లగ్గు పీకిన తర్వాత కూడా దాని పిన్నులు షాక్ కొడతాయి. ఉంటే రెండు సెకన్లలో వోల్టేజీ ఐదు లోపుకు దిగుతుంది.

ఫేజు దారిలో ఫ్యూజు, దాని తర్వాత 100 ఓమ్‌ల 2 వాట్ల ఫ్యూజిబుల్ రెసిస్టర్ (కరెంటు మితిమీరితే కాలి తెగిపోయేది) ఉండాలి. స్విచ్ వేసిన క్షణం శిఖర వోల్టేజీ దగ్గర పడితే ఒక్కసారిగా దూకే కరెంటును ఆ రెసిస్టరే మూడు ఆంపియర్ల చిల్లరకు పరిమితం చేస్తుంది. ఫ్యూజు తర్వాత ఫేజు, న్యూట్రల్ మధ్య 431 అని రాసిన ఎంఓవీ (వోల్టేజీ మితిమీరినప్పుడు దాన్ని అణచే భాగం) పెడితే లైనులో వచ్చే ఉప్పెనల నుంచి రక్షణ దొరుకుతుంది.

బ్రిడ్జికి నాలుగు 1ఎన్4007 డయోడ్లు చాలు. రిలే ఆగి ఉన్నప్పుడు మొత్తం కరెంటును జీనరే మోయాలి కనుక 24 వోల్టుల జీనరు ఒక్కటి పెట్టడం కంటే 12 వోల్టుల 1 వాటు జీనర్లు రెండింటిని సిరీస్‌లో కలిపితే, వేడి చెరిసగమై రెండూ చల్లగా ఉంటాయి. వాటికి సమాంతరంగా 220 మైక్రోఫారాడ్, 50 వోల్టుల ఫిల్టర్ కెపాసిటర్ వేయాలి. జీనర్ టంకం సరిగా అతకకపోతే ఈ ఫిల్టరు పగిలిపోతుంది కాబట్టి, ఆ రెండు చోట్ల టంకాన్ని మరోసారి చూసుకోవాలి.

ఎల్‌డీఆర్ కాళ్లు కూడా లైవే. దాన్ని డబ్బా బయటికి పొడుచుకు రానివ్వకుండా పారదర్శక ప్లాస్టిక్ కిటికీ వెనుక ఉంచాలి, ప్రీసెట్‌ను (ఎంత చీకటికి లైటు వెలగాలో సర్దే చిన్న మరను) ప్లగ్గు తీశాకే తిప్పాలి.

పరీక్షను రెండు దశల్లో చేయాలి. ముందుగా మెయిన్స్ జోలికి పోకుండా, జీనర్లున్న చోట బెంచ్ సప్లై నుంచి 23 వోల్టులిచ్చి, రిలే పట్టి వదులుతోందో లేదో చూసుకోవాలి. అది సరిగా ఉంటే 60 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి మెయిన్స్‌కు కలపాలి: బల్బు వెలగకపోతే సరే, వెలిగితే ఎక్కడో షార్టుంది. ఆసిలోస్కోపు ఎర్త్ క్లిప్పును ఈ బోర్డుకు తగిలించకూడదు.

కొన్నేళ్లకు రిలే గరగరమంటూ పట్టీ వదిలీ చేస్తుంటే, చాలామంది రిలేనే మారుస్తారు. నా దగ్గరకొచ్చిన ఒక బోర్డులో 474 అని రాసి ఉన్న కెపాసిటర్‌ను విప్పి కొలిస్తే 0.21 మైక్రోఫారాడ్ మాత్రమే చూపింది. వోల్టేజీ దెబ్బ తగిలిన ప్రతిసారీ ఎక్స్2 కెపాసిటర్ తనలోని లోహపు పూతను కాస్త కాల్చుకుని షార్టును తప్పించుకుంటుంది, ఆ మేరకు విలువ తరుగుతూ పోతుంది. అందుకే 0.4 కంటే తక్కువ చూపితే, ఈసారి 305 వోల్టుల రకాన్నే తెచ్చి వేయాలి.